పిన్ని డాబా మీద దొరికిన మొదటి వాక్యం

రెండేళ్ళ కిందట జూన్‌లో నేను ఫేస్‌బుక్‌లో రాసిన ఒక్క ముక్క చదివి, రాత్రంతా నిద్ర పట్టక, తెల్లారగానే రైలెక్కి ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చేశారు ఒక రిటైర్డ్ టీచరమ్మ. చేతిలో గుడ్డసంచీ, సంచీలో అరడజను అరటిపళ్ళు, ఒక కవర్లో కొంత డబ్బు. మా పిన్ని తలుపు తీసి "ఏటమ్మా ఇంత పొద్దున్నే?" అంటే ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయి, పిన్నిని పైనుంచి కిందదాకా చూసి, "బాగానే ఉన్నావా తల్లీ, నీకేటయిందోనని రాత్రి నుంచీ ఒకటే టెన్షన్" అన్నారు. పిన్నికి ఏమీ అర్థం కాలేదు. నేను ఏం రాశానో అప్పటికి ఆమెకి తెలియదు.

నేను రాసింది ఇది: "ఇదే ఆఖరు. ఇక మా పిన్ని చేతి అప్పడం మీకు దొరకదు."

దాని కింద రెండు లైన్లు ఖాళీ వదిలి, వానలు మొదలయ్యాయి కాబట్టి అప్పడాలు ఆరవు, దసరా ముందు మళ్ళీ మొదలుపెడతాం, అప్పటిదాకా ఉన్న సరుకు ఇదే అని వివరంగానే రాశాను. కానీ ఫోన్లో కనిపించింది పై రెండు ముక్కలే, మిగతాదంతా 'ఇంకా చూడండి' అనే మడత కింద ఉండిపోయింది. టీచరమ్మ మడత విప్పలేదు. చాలామంది విప్పలేదు. కామెంట్ల నిండా "అయ్యో" లు, "ఏమైంది" లు, చేతులు జోడించిన బొమ్మలు. సూరత్ నుంచి ఒకరు, వైజాగ్ నుంచి ఒకరు ఫోన్లు చేశారు. ఆ సాయంత్రం నేను మాత్రం పోస్టు బాగా పోతోందని సంతోషంగా ఉన్నాను.

టీచరమ్మకి కాఫీ ఇచ్చి, ఉన్నవాటిలోంచి రెండు కట్టలు చేతిలో పెట్టి, డబ్బు వద్దని పంపించాక పిన్ని నన్ను కూర్చోబెట్టింది. పోస్టు మొత్తం చదివించుకుంది. "ఒరే, మనిషిని కంగారుపెట్టి పిలిస్తే ఒకసారి వస్తారు. రెండోసారి పిలిస్తే ఎవులొస్తార్రా?" అంది, అంతే, ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచీ మొదటి వాక్యం గురించి నేను ఆలోచించే తీరే మారిపోయింది, ఈ పోస్టు దాని గురించే.

నేను చేసే పని చిన్నచిన్న వ్యాపారాలకి పోస్టులు రాసిపెట్టడం. బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు, పట్టుచీరలు అమ్మేవాళ్ళకి కొదవలేదు, అందులో తెలుగువాళ్ళు బోలెడుమంది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఆ తర్వాత గీత మారింది గానీ ఇళ్ళు మారలేదు. పిన్నివాళ్ళ వీధిలో ఇప్పటికీ పొద్దున్న లేస్తే వినిపించేది తెలుగే. అలా పిన్నికి పోస్టులు రాయడంతో మొదలై, పక్కింటి పచ్చళ్ళావిడ, తర్వాత గిరి రోడ్డు వైపు ఒకరిద్దరు, ఇలా పెరిగింది పని. అందరూ అడిగేది ఒకటే. "జనం ఆగాలి బాబూ, వేలితో పైకి తోసుకుంటూ పోతున్నారు, ఆగేలా ఏదైనా రాయి."

ఆగేలా రాయడం అంటే నాకు అప్పట్లో తెలిసింది భయపెట్టడం, ఊరించడం. "ఇది చూస్తే మీరు నమ్మలేరు." "ఈ తప్పు మీరూ చేస్తున్నారా?" "చివరిదాకా చదవండి." మా తాతగారి రోజుల్లో టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేదట. ఆ సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది, కానీ నేను టీచరమ్మకి పంపింది అలాంటి టెలిగ్రామే. నిజానికి ఇలాంటి రాతలని ఫేస్‌బుక్కే ఎప్పుడో వద్దంది. అసలు సంగతి దాచిపెట్టి ఊరించే హెడ్డింగులని తక్కువమందికి చూపిస్తామని 2016 ఆగస్టులో చెప్పింది, లైక్ కొట్టండి, ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయండి అని అడుక్కునే పోస్టులనీ వెనక్కి నెడతామని 2017 డిసెంబరులో చెప్పింది. ఆ సంగతి నేను చదివింది ఆ జూన్ తర్వాతే. అయినా నాకు వాళ్ళ రూల్ కంటే ఆ గుడ్డసంచీయే ఎక్కువ గుర్తుంది.

మరి మొదటి వాక్యం గట్టిగా ఉండకూడదా అంటే, ఉండాలి, తప్పకుండా ఉండాలి. గట్టిగా ఉండడం అంటే ఏమిటో నాకు చెప్పింది మా వీధికి వచ్చే చేపలామె.

గోపాలపూర్ వైపు నుంచి తెల్లారుఝామునే బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఆ తీరంలో చేపలు పట్టే నోలియాలు తెలుగు మాట్లాడేవాళ్ళే, కాబట్టి మా వీధిలో తెలుగులో కేకేస్తుంది, మలుపు తిరిగి ఒడియావాళ్ళ వీధిలోకి వెళ్ళగానే "మాఛొ నెబొ" (చేపలు తీసుకుంటారా) అంటూ భాష మార్చేస్తుంది. మా వీధిలో ఆమె కేక ఇది: "కానాగంతలమ్మా, తెల్లారి పడినవీ." రెండే విషయాలు, ఏ చేప, ఎప్పుడు వలలో పడింది. తాజా అని అనదు, రుచి అని అనదు, మీరు నమ్మలేరు అని అసలే అనదు. కానాగంతలు తినని ఇల్లు తలుపు తీయదు, తినే ఇల్లు చేతిలో పని వదిలి గిన్నె పట్టుకుని బయటికొస్తుంది. అందరినీ ఆపాలని ఆమె అనుకోదు. ఎవరికి కావాలో వాళ్ళకి వంటింట్లోదాకా వినపడాలి, అంతే. వారం రోజులు ఆ కేక వింటూ కూర్చున్నాను, ఒక రోజు చందువలన్నా, ఇంకో రోజు కవళ్ళన్నా అచ్చు అలాగే ఉంటుంది, పేరు ముందు, ఎప్పటివో తర్వాత.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది దండోరా. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలవుతుంది కదా, ఆ మాటల్లో కబురే లేదు. అయినా జనం ఎందుకు ఆగేవారంటే అప్పటికే డప్పు మోగింది కాబట్టి. డప్పు ఆపితే, మనిషి తీరిగ్గా మొదలుపెట్టేవాడు. ఫోన్లో మనకి డప్పు లేదు. కానీ చాలామంది పోస్టులు ఇప్పటికీ డప్పు మోగిపోయినట్టే మొదలవుతాయి, "మా ఖాతాదారులకు, శ్రేయోభిలాషులకు హృదయపూర్వక నమస్కారములు" అని, లేదా "హాయ్ ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు" అని. రెండూ ఒకటే. మొదటి లైను మొత్తం గొంతు సవరించుకోవడానికే సరిపోతుంది, చూసేవాడి వేలు ఈలోపు ఎక్కడికో వెళ్ళిపోతుంది.

సరే, చేపలామె దగ్గర వినడం వేరు, అప్పడాలకి రాయడం వేరు. అప్పడం రోజూ వలలో పడదు. ఈ నెల చేసిందీ వచ్చే నెల చేసిందీ ఒకటే అప్పడం. కొత్తగా ఏం చెప్పాలి? అక్కడే నేను చాలా రోజులు ఇరుక్కున్నాను, కనిపించినవన్నీ పొగడ్తలే. కమ్మని, కరకరలాడే, అమ్మ చేతి, సంప్రదాయ. ఈ మాటలు ఎన్ని ప్యాకెట్ల మీద అచ్చయ్యాయంటే కన్ను వాటి మీద నిలవడం మానేసింది.

ఆ తర్వాత ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం డాబా ఎక్కాను. మినప్పిండిలో ఇంగువ, మిరియాలు, అప్పడాల కారం (మిరపకారం కాదు, సోడాలాంటి ఉప్పు) వేసి కలిపిన ముద్దని రోకలితో దంచడం అయిపోయింది, పిన్నీ ఇంకో ఇద్దరూ పీటల ముందు కూర్చుని ఒత్తుతున్నారు. పిన్ని ఒక్కో అప్పడాన్ని ఒత్తాక రెండు చేతులతో పైకెత్తి వెలుగుకి అడ్డం పెట్టి చూస్తుంది, ఎక్కడ మందం ఉంటే అక్కడ నల్లగా మబ్బులా కనిపిస్తుంది, మళ్ళీ పీట మీద వేసి అక్కడొక్కచోట కర్ర తిప్పుతుంది. ఇవతల రేకుల నీడలో పాతచీరలు పరిచి, వాటి మీద వరసలుగా ఆరేశారు. సాయంత్రం కావస్తుండగా ఉన్నట్టుండి గాలి మారింది. పిన్ని పక్క డాబా మీద బట్టలు తీస్తున్న పక్కింటావిడతో "సూసేవా, సముద్రం గాలి తిరిగింది, నా అప్పడాలన్నీ అంచులు మడిసేసుకున్నాయి" అని అరిచింది. ఆవిడ బట్టలు వదిలేసి పిట్టగోడ దగ్గరికి వచ్చి తొంగిచూసింది.

ఒక మనిషి చేస్తున్న పని ఆపి వచ్చి తొంగిచూసిందంటే, అది మొదటి వాక్యం. నేను ఫోన్ తీసి అక్కడికక్కడే రాసుకున్నాను.

పోస్టులో దాన్ని కొంచెం సరిచేసి పెట్టాను: "నిన్న సాయంత్రం సముద్రం గాలి తిరిగింది, డాబా మీద మా పిన్ని అప్పడాలన్నీ అంచులు మడుచుకున్నాయి." ఆ కింద, అలా అయితే పిన్ని ఏం చేస్తుందో, ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టి పైన బరువు వేసి ఎలా చదును చేస్తుందో రాశాను. చివర్లో ఈ వారం ఎన్ని కట్టలున్నాయో, ధర ఎంతో. ఆ పోస్టుకి ఊళ్ళోంచి వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళయినవాళ్ళు వాళ్ళ అమ్మమ్మల డాబాల గురించి కామెంట్లు రాశారు. కట్టలు రెండు రోజుల్లో అయిపోయాయి. టీచరమ్మ కూడా రాశారు, మా ఇంట్లో బరువుకి ఇసుర్రాయి పెట్టేవాళ్ళం అని.

ఇది ఎందుకు పని చేసిందో తర్వాత ఒక చోట చదివితే అర్థమైంది. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆయన 1994లో కుతూహలం గురించి ఒక పెద్ద వ్యాసం రాశారు. మనకి తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఒక ఖాళీ కనిపించినప్పుడు ఆ ఖాళీ మనల్ని లాగుతుందని ఆయన మాట. ఇందులో నాకు పనికొచ్చింది ఏమిటంటే, ఖాళీ కనిపించాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి, అంచు లేకుండా గొయ్యి ఉండదు కదా. "మీరు నమ్మలేరు" అన్నప్పుడు చదివేవాడి చేతిలో ఏమీ పెట్టలేదు. అప్పడాల అంచులు మడుచుకున్నాయి అన్నప్పుడు బొమ్మ మొత్తం పెట్టేశాను, అయ్యో ఇప్పుడేం చేశారు అన్న ఒక్కటే మిగిలింది, దానికీ జవాబు కిందనే ఉంది. ఊరించడానికీ దీనికీ మధ్య తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఊరించేవాడు మొదటి వాక్యంలో అప్పు చేసి రెండో వాక్యంలో కనపడకుండా పోతాడు.

ఇప్పుడు ఎవరైనా పని ఇస్తే నేను ముందు రాయను. వెళ్ళి కూర్చుంటాను, ఫోన్లో రికార్డింగ్ పెట్టి, నిన్న మీ ఇంటికొచ్చినవాళ్ళకి ఈ పని గురించి ఏం చెప్పారో అదే చెప్పండి అంటాను. మొదటి అయిదు నిమిషాలు ఎవరైనా పత్రికా భాషలోనే మాట్లాడతారు, మా సంస్థ, నాణ్యత, నమ్మకం అంటూ. ఆగాలి. ఎవరో ఒకరు లోపల్నుంచి పిలుస్తారు, లేదా ఫోన్ వస్తుంది, ఆ తర్వాత మాట మామూలుగా వస్తుంది. అదంతా ఇంటికొచ్చి రాసుకుంటాను. రాశాక పై నుంచి ఒక్కో వాక్యం కొట్టేస్తూ వస్తాను, పోతే నష్టం లేని వాక్యాలన్నీ పోయాక ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో అదే మొదటి వాక్యం. మామూలుగా అది మూడోదో నాలుగోదో అవుతుంది. పచ్చళ్ళావిడ దగ్గరైతే గంట మాట్లాడాక వచ్చింది: "ఈసారి కాయలో పీచు తక్కువ, ముక్క కొట్టేవాడు కూడా అన్నాడు." నాకు కావలసింది ఆ ముక్కలు కొట్టే మనిషే. కత్తి పట్టుకున్నవాడి చేతికి తెలుస్తుంది పీచు సంగతి, దాన్ని నేను నా మాటల్లో 'నాణ్యమైన మామిడికాయలు' అని రాస్తే ఆ చెయ్యి మాయమైపోతుంది.

ఇలా మాట్లాడినట్టే రాయాలని ఎంతో ముందే పోట్లాడిన మనిషి మనకి దగ్గర్లోనే, పర్లాకిమిడిలో ఉండేవారు. గిడుగు రామమూర్తి గారు అక్కడ బడిపంతులు. అడవుల్లోని సవరల భాష నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు తయారుచేసిన మనిషి, బడిలో పిల్లలకి ఎవరూ మాట్లాడని తెలుగు నేర్పడం చూసి ఊరుకోలేకపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన అంత కష్టపడ్డాక కూడా, ఎదురుగా హాయిగా మాట్లాడే మనిషి పోస్టు రాయడానికి కూర్చోగానే 'తెలియజేయుటకు సంతోషించుచున్నాము' అని మొదలుపెడితే నాకు నిజంగా బాధేస్తుంది. పిన్ని మాటలో "సూసేవా" ని నేను పోస్టులో ఉంచలేదు, ఆ విషయంలో ఇప్పటికీ నాకు సందేహంగానే ఉంది. ఉంచి ఉంటే ఇంకా బాగుండేదేమో.

చీరల దుకాణం నడిపే స్నేహితుడొకడు ఒక పోస్టు చూపించాడు. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టిన పట్టునగరం బరంపురం నుంచి, 2012లో జిఐ గుర్తింపు పొందిన పట్టుచీరలు, అని మొదలైంది. జిఐ అంటే ఈ సరుకు ఫలానా ఊరిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు. అన్నీ నిజాలే, గర్వపడాల్సిన నిజాలే. కానీ విజయవాడలో పెళ్ళికి చీర వెతుక్కుంటున్న అమ్మాయి గిరి గారు ఎక్కడ పుట్టారా అని వెతకడం లేదు. చీర తీయమన్నాను. అంచు పొడుగునా గుడి శిఖరాల్లాంటి కొసలు వరసగా, ఒక్కటీ తేడా లేకుండా నిలబడి ఉన్నాయి, దాన్నే ఇక్కడ ఫొడా కుంభొ అంటారు. దాని మీద వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాం. చివరికి ఇలా కుదిరింది: "ఈ అంచు మీద వేలు పెట్టి ఒక్కో గుడి శిఖరాన్నీ లెక్కపెట్టండి, కుచ్చిళ్ళు వచ్చే చోటికి ఎన్నయ్యాయో చెప్పండి." ఫోటో ఆ అంచుకి దగ్గరగా తీశాం. జిఐ సంగతి మూడో వాక్యంలోకి వెళ్ళింది, అక్కడ దానికి విలువ ఉంది.

ఇక కొలతల సంగతి, ఇది త్వరగా చెప్పేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 క్యారెక్టర్లు రాయొచ్చు, కానీ మడత సుమారు 125 దగ్గర పడుతుంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) డబ్బు కట్టని ఖాతాకి 280, 2017 నవంబరు దాకా అది 140. ఇంగ్లిష్ వాళ్ళు చెప్పే ఈ లెక్కల్ని మనం యథాతథంగా తీసుకుంటే దెబ్బతింటాం, ఎందుకంటే ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'అప్పడం' మనకి మూడక్షరాలు. ఎక్స్ దాన్ని ఆరుగా లెక్కేస్తుంది, అ, ప, పొల్లు, మళ్ళీ ప, డ, సున్నా. అందుకే మొదటి వాక్యం పది పన్నెండు మాటలు దాటకుండా చూస్తాను, క్రియ మడత కిందకి పోకుండా మరీ చూస్తాను. మన భాషలో అసలు కబురు వాక్యం చివర ఉంటుంది. ఉందా లేదా, చేస్తామా చెయ్యమా, అంతా ఆ చివరి మాటలోనే తేలుతుంది. పొడుగు వాక్యం మధ్యలో తెగితే చదివినవాడికి సగం కూడా అందదు.

ఇంకో కష్టం మా వైపువాళ్ళకే ఉన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఒడియా బళ్ళో చదివారు, లేదా ఇంగ్లిష్ మీడియం. నేను మొదటి వాక్యం ఎంత బాగా చెక్కినా మా బావ కొడుక్కి అది గీతల వరసే. వాడే ఒకసారి "మామయ్యా, వాయిస్ పెట్టు, వింటాను" అని మెసేజ్ పెట్టాడు. అప్పటి నుంచి అదే వాక్యాన్ని పిన్ని గొంతుతో చెప్పించి రీల్‌కి ముందు పెడుతున్నాను, పైన ఒడియాలో ఒక లైను వేస్తున్నాను, అప్పడానికి బదులు పాంపొడొ అని. ఒడియా లైను తెలుగుకి అనువాదంగా ఉండదు, పక్కింటి ఒడియా అక్కని అడిగి ఆవిడ ఎలా అంటుందో అలా రాస్తాను. చేపలామె మలుపు తిరిగాక చేసేది అదే.

ఈ ఏడు మళ్ళీ జూన్ వచ్చింది. అప్పడాలు ఆపేస్తున్నామని చెప్పాలి. రాయడానికి కూర్చుంటే చెయ్యి కదల్లేదు, ఫోన్ తీసుకెళ్ళి పిన్ని ముందు పెట్టి, నువ్వే చెప్పు అన్నాను. ఆమె చీరలు మడతపెడుతూ, తలెత్తకుండానే చెప్పింది. "దసరాకి మళ్ళీ మొదలెడతాం, వానలు తగ్గేదాకా ఇక అప్పడాలు సెయ్యం." మళ్ళీ వస్తామన్నది ముందు, ఆగుతున్నామన్నది తర్వాత. నేను రెండేళ్ళ కిందట మడత కింద దాచిన ముక్కని ఆమె అన్నిటికంటే ముందు పెట్టింది. ఈసారి "సెయ్యం" ని అలాగే ఉంచేశాను.

కంగారుగా ఒక్క ఫోనూ రాలేదు. రాత్రి తొమ్మిదింటికి టీచరమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది, దసరాకి నాలుగు కట్టలు, రెండు మిరియాలవి, రెండు జీలకర్రవి, ముందే రాసిపెట్టుకోమని. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, కొత్త నోట్‌బుక్ తీసి, మొదటి పేజీలో ఆవిడ పేరు రాసింది.